కువైట్ రిసీవర్, మాగ్నెపాన్ పలకలు: 4 ఓమ్‌ల దగ్గర ఏం జరిగింది

“డోలు మొదలవ్వగానే కట్ అయిపోతోందండీ. వార్తలకీ, సినిమా పాటలకీ ఏమీ కాదు. నాదస్వరం కచేరీ పెడితే మాత్రం పది నిమిషాల్లో టక్‌మంటుంది.” పాత ఆంప్లిఫయర్లు (ఆంప్‌లు) బాగుచేసే నాకు ఫోన్లో ఒకాయన తన స్టీరియో గురించి చెప్పింది ఇంతే. కానీ ఆ ‘పది నిమిషాలు’ అన్న మాట నాకు పనికొచ్చింది. వైరు లూజయితే, సోల్డరింగ్ ఊడితే ఎప్పుడు పడితే అప్పుడు కట్ అవుతుంది. వేడెక్కాక, అదీ గట్టి దెబ్బ పడ్డప్పుడే కట్ అవుతోందంటే ఆంప్ తన శక్తికి మించి లాగుతోందన్నమాట.

ఇల్లు హైదరాబాద్ సైనిక్‌పురిలో. ఆయన చాలా ఏళ్లు అమెరికాలో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక తిరిగి వచ్చేశారు. కంటైనర్‌లో ఇంటి సామానుతో పాటు తన మాగ్నెపాన్ 1.6 స్పీకర్లు కూడా తెచ్చుకున్నారు. అక్కడ వాడిన ఆంప్‌ని అక్కడే ఇచ్చేసి వచ్చారు, ఇక్కడ ఇంట్లో ఒకటి ఉంది కదా అని. ఆ ఉన్నది 1970ల చివర్లో వాళ్ల మేనమామ కువైట్ నుంచి తెచ్చిన జపాన్ రిసీవర్, అంటే రేడియో, ఆంప్ ఒకే డబ్బాలో ఉన్నది. ఛానల్‌కి (ఒక్కో స్పీకర్‌కి) 45 వాట్లు. వెండిరంగు ముఖం, నీలం డయల్ లైటు, పక్కలకి చెక్క. నేను స్క్రూడ్రైవర్ బయటికి తీస్తుంటే వాళ్ల అమ్మగారు వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. “బాబూ, బాగవకపోయినా ఫర్వాలేదు గానీ, పారెయ్యమని మాత్రం చెప్పకు. మా తమ్ముడు బొంబాయి నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు దాన్ని.”

పారెయ్యమనే ఉద్దేశం నాకూ లేదు. స్పీకర్లు మంచివి, రిసీవర్ మంచిది. ఆ రెంటికీ జత కుదరాలి, అంతే.

ముందు స్పీకర్ల సంగతి. మాగ్నెపాన్ అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, వైట్ బేర్ లేక్ అనే ఊళ్లో ఉన్న కంపెనీ. 3ఎం సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన జిమ్ వైనీ 1969లో మొదలుపెట్టారు. ఈ స్పీకర్‌కి డబ్బా ఉండదు, కోన్ ఉండదు. ఐదడుగుల నాలుగంగుళాల పైచిలుకు ఎత్తు, 19 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న పలక, చూడ్డానికి గుడ్డ తొడిగిన తలుపులా ఉంటుంది. లోపల పల్చటి మైలార్ (ప్లాస్టిక్) పొర, దాని మీద అతికించిన సన్నటి తీగలు, వెనక వరసగా మాగ్నెట్ పట్టీలు. ఆంప్ నుంచి కరెంటు ఆ తీగల్లో పారగానే పొర మొత్తం ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మామూలు స్పీకర్‌లో వాయిస్ కాయిల్ చుట్టూ మాగ్నెట్ బిగించి పట్టుకున్నట్టు ఉంటుంది. ఇక్కడ మాగ్నెట్‌కీ తీగకీ మధ్య దూరం ఎక్కువ, పట్టు తక్కువ. అందుకే శబ్దం రావాలంటే కరెంటు ఎక్కువ పొయ్యాలి.

దీని ఇంపెడెన్స్, అంటే ఆంప్ పంపే కరెంటుకి ఇది చూపించే అడ్డు (ఓమ్‌లలో కొలుస్తారు), దాదాపు ఒక రెసిస్టర్‌లాగే ఉంటుంది. నేను సిగ్నల్ జనరేటర్ పెట్టి చూస్తే కింది నుంచి పై దాకా చాలావరకు 4 ఓమ్‌ల చుట్టుపక్కలే తిరిగింది. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ప్లేనార్ (ఇలాంటి పలక స్పీకర్) అనగానే చాలామంది దీన్నీ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్‌నీ ఒకే గాటన కట్టేస్తారు. ఎలక్ట్రోస్టాటిక్ ఒక పెద్ద కెపాసిటర్ లాంటిది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంపెడెన్స్ పడిపోతుంది, కొన్ని ఆంప్‌లు ఆ లోడ్ మీద అదుపు తప్పి ఆసిలేట్ అవుతాయి. మాగ్నెపాన్‌తో ఆ పేచీ లేదు. ఇది ఆంప్‌ని కరెంటే అడుగుతుంది, కాకపోతే చాలా అడుగుతుంది, ఆపకుండా అడుగుతుంది.

ఎంత అడుగుతుందో లెక్క వేసి చూద్దాం. కంపెనీ చెప్పే సెన్సిటివిటీ (ఇంత వోల్టేజ్ ఇస్తే ఎంత శబ్దం వస్తుందన్నది) 2.83 వోల్టులకి 86 డెసిబెల్స్. 2.83 వోల్టులంటే 8 ఓమ్‌ల స్పీకర్‌కి 1 వాట్, 4 ఓమ్‌ల స్పీకర్‌కి 2 వాట్లు. కాబట్టి ఒక్క వాట్‌కి వచ్చేది 83. ఆయన కూర్చునేది 9 అడుగుల దూరంలో. ఇంత ఎత్తు పలకకి దూరంతో తగ్గే శబ్దం మామూలు స్పీకర్ కన్నా తక్కువ. నేను 5 డెసిబెల్స్ తీసేసి, రెండు స్పీకర్లు కాబట్టి 3 కలిపాను. కుర్చీ దగ్గర వాట్‌కి 81 డెసిబెల్స్. మామూలుగా వినే స్థాయి 78 అనుకుంటే అర వాట్ చాలు. కానీ డోలు మీద కర్ర పడ్డ క్షణంలో శబ్దం సగటు కన్నా 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది. 98 రావాలంటే 50 వాట్లు. కాస్త ఊపొచ్చి వాల్యూమ్ పెంచి 102 అడిగితే 126 వాట్లు.

45 వాట్ల రిసీవర్ అక్కడికి పోలేదు. కానీ రోజూ పది నిమిషాల్లో కట్ అయ్యేంతగా ఎందుకు అలిసిపోతోంది? ఆ జవాబు ముందు పలక మీదే ఉంది. బాస్ నాబ్ దాదాపు చివరిదాకా తిప్పి ఉంది, లౌడ్‌నెస్ స్విచ్ (అదీ బాస్ పెంచేదే) ఆన్‌లో ఉంది. అడిగితే, “బాస్ రావట్లేదండీ, అందుకే పెంచాను” అన్నారు. స్పీకర్లు చూస్తే గోడకి అడుగు దూరంలో ఉన్నాయి. ఇవి ముందుకి ఎంత శబ్దం చేస్తాయో వెనక్కీ అంతే చేస్తాయి. వెనక నుంచి వెళ్లిన అల దగ్గరున్న గోడకి తగిలి వెంటనే తిరిగొచ్చి, ముందున్న బాస్‌ని చంపేస్తుంది. ఆ పోయిన బాస్‌ని ఆయన నాబ్‌తో తిరిగి తెద్దామని చూశారు. బాస్ 6 డెసిబెల్స్ పెంచితే ఆ ఫ్రీక్వెన్సీల్లో పవర్ నాలుగు రెట్లు కావాలి. 50 వాట్ల డోలు దెబ్బ 200 వాట్లయింది. రిసీవర్ ఏం చేస్తుంది పాపం.

స్పీకర్లని ఇద్దరం పట్టుకుని గోడ నుంచి నాలుగడుగులు ముందుకి జరిపాం. బాస్ నాబ్ మధ్యలోకి, లౌడ్‌నెస్ ఆఫ్. అదే రికార్డింగ్ పెట్టాం. డోలు కింద గుండ్రంగా వినపడే ఆ గుమ్మన్న నాదం అప్పుడు వచ్చింది. అమ్మగారు “ఇప్పుడు గుళ్లో ఉన్నట్టుంది” అన్నారు. అప్పటికి నేను టంకం కూడా వేడి చేయలేదు. రిసీవర్ కూడా కట్ అవ్వలేదు, ఆ వాల్యూమ్‌లో.

ఇక్కడితో ఆగిపోవచ్చు, ఆయనతో ఆ మాటే చెప్పాను. సాయంత్రాలు నెమ్మదిగా వినడానికి ఇది చాలు. కానీ ఆయనకి నాదస్వరం నాదస్వరంలా వినాలి, అంటే గట్టిగా. రిసీవర్ వెనక “ఎ లేదా బి: 4 నుంచి 16 ఓమ్‌లు” అని రాసే ఉంది, కాబట్టి 4 ఓమ్‌ల స్పీకర్ పెట్టడం తప్పేమీ కాదు. అయితే పెట్టొచ్చు అనడం వేరు, ఏళ్ల తరబడి హాయిగా లాగుతుంది అనడం వేరు. అది తేల్చుకోవడానికి షాపుకి తెచ్చాను.

నా బెంచ్ మీద పాత హీట్‌సింక్‌కి బిగించిన అల్యూమినియం రెసిస్టర్లు ఉంటాయి, వాటి మీదకి ఎప్పుడూ ఒక టేబుల్ ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. అదే నా డమ్మీ లోడ్, స్పీకర్ బదులు ఆంప్‌కి తగిలించేది. స్కోప్‌లో వేవ్ తల చదునయ్యే దాకా (దాన్నే క్లిప్ అంటాం) పెంచి, అక్కడ వోల్టేజ్ చూస్తాను. 8 ఓమ్‌ల మీద రెండు ఛానళ్లూ కలిపి నడిపితే ఒక్కోటి 48 వాట్లు ఇచ్చింది. కాగితం మీద రాసిన దానికన్నా ఎక్కువే. 4 ఓమ్‌లకి మార్చాను. 44 వాట్లు. అంటే లోడ్ సగమైతే పవర్ పెరగాల్సింది పోయి కాస్త తగ్గింది.

పవర్ సప్లైని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లు (క్యాప్స్) 6800 మైక్రోఫారడ్‌వి, నలభై ఏళ్లు దాటినవి. ఎండిపోయాయి, రిపుల్ (సప్లై వోల్టేజ్‌లో అలలు) బాగా కనపడుతోంది. వాటి స్థానంలో 10,000 వేశాను. ఇంకా పెద్దవి వెయ్యమని కొందరంటారు. ఆన్ చేసిన క్షణంలో పాత రెక్టిఫయర్ మీద, స్విచ్ మీద ఆ భారం పడుతుంది, నేను వెయ్యను. మార్చాక 4 ఓమ్‌ల మీద 52 వాట్లు వచ్చింది. చెవికి ఇది ఎంత తేడా? 0.7 డెసిబెల్స్. ఎవరూ గుర్తుపట్టలేరు. ‘క్యాప్స్ మార్చేస్తే పాత ఆంప్ ఏ స్పీకర్‌నైనా లాగుతుంది’ అని నాకు రోజూ వినపడే మాట. మార్చాల్సిందే, కానీ ట్రాన్స్‌ఫార్మర్ సైజు కెపాసిటర్లతో పెరగదు.

నేను వాట్ల కన్నా వోల్టుల్నే ఎక్కువ నమ్ముతాను. 8 ఓమ్‌ల మీద ఈ రిసీవర్ 19.6 వోల్టులు ఇచ్చింది, 4 ఓమ్‌ల మీద క్యాప్స్ మార్చాక కూడా 14.4. నాలుగో వంతుకి పైగా జారిపోయింది. పవర్ సప్లై గట్టిదైతే లోడ్ మారినా వోల్టేజ్ పెద్దగా కదలదు. ఆంప్ ముందు పలక మీద ఎన్ని వాట్లు రాశారో ఆ తర్వాత చూసుకోవచ్చు. ఈ జారుడు ఎంతో కొలిస్తే అది మాగ్నెపాన్‌కి పనికొస్తుందో లేదో తేలిపోతుంది.

వేడి సంగతి కూడా ఉంది. ఇలాంటి రిసీవర్‌లో రైల్ (అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకి అందే సప్లై) 34 వోల్టుల దగ్గర నిలబడుతుందనుకుంటే, ఒక్కో ఛానల్ ట్రాన్సిస్టర్ల మీద పడే గరిష్ఠ వేడి 8 ఓమ్‌లకి సుమారు 29 వాట్లు, 4 ఓమ్‌లకి 58. రెట్టింపు. ఆ కాలపు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఇప్పుడు అసలువి దొరకడం గగనం. కోఠి గుజరాతీ గల్లీలో అదే నంబరు వేసి అమ్మేవి చాలా ఉంటాయి, పగలగొట్టి చూస్తే లోపల చిప్ గింజంత ఉంటుంది.

అన్నట్టు, నాకన్నా ముందు ఒక మెకానిక్ చూసి, ప్రొటెక్షన్ రిలేని బైపాస్ చేసేద్దాం, ఇక కట్ అవ్వదు అన్నారట. ఆయన ఒప్పుకోలేదు, అదృష్టం. ఆ రిలే వెనకున్న చిన్న ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ స్టేజి కరెంటునీ వోల్టేజ్‌నీ కలిపి చూస్తూ, ఇక చాలు అనుకున్నప్పుడు కట్ చేస్తుంది. దాని పని అది సరిగ్గానే చేసింది. దాన్ని తీసేశాక అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే రైల్ వోల్టేజ్ మొత్తం నేరుగా స్పీకర్ మీదకి వస్తుంది. మైలార్ మీద అతికించిన ఆ సన్నటి తీగలకి డీసీ (ఒకే దిక్కున పారే కరెంటు) అంటే చావే.

దారి మాత్రం రిసీవర్ వెనకే కనపడింది. ‘ప్రీ అవుట్’, ‘మెయిన్ ఇన్’ అని నాలుగు సాకెట్లు, వాటిని కలుపుతూ యు ఆకారంలో రెండు లోహపు ముక్కలు. ఆ ముక్కలు పీకేస్తే రిసీవర్ రెండుగా విడిపోతుంది. రేడియో, ఫోనో, వాల్యూమ్ ఒక భాగం. పవర్ ఆంప్ ఇంకో భాగం. ముందు భాగం అలాగే ఉంచి, స్పీకర్లని లాగే పని మాత్రం ఇంకొకరికి అప్పజెప్పొచ్చు. ఈ మాట చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. “అయితే మామయ్య డబ్బా ఉంటుంది!”

ఆ ఇంకొకరు కూడా పాతదే కావాలన్నారు. పాత పవర్ ఆంప్‌లలో ఈ పనికి పుట్టినట్టుండేవి ఉన్నాయి. 1967లో వచ్చిన క్రౌన్ డీసీ-300, 1970ల్లో బాబ్ కార్వర్ చేసిన ఫేజ్ లీనియర్ 700, 1980ల మధ్యలో నెల్సన్ పాస్ డిజైన్ చేసిన ఆడ్‌కామ్ జీఎఫ్ఏ-555 లాంటివి. ఆడ్‌కామ్ కాగితం మీద లెక్క చూడండి: 8 ఓమ్‌లకి 200 వాట్లు, 4 ఓమ్‌లకి 325. వోల్టుల్లో 40 నుంచి 36కి వచ్చింది, పది శాతమే జారుడు. ఇలాంటి అంకె కోసమే వెతకమన్నాను. ఆయన అమెరికాలో ఉన్న స్నేహితుల ద్వారా ఆ తరం, ఆ తరగతి ఆంప్ ఒకటి సంపాదించారు. బ్రాండ్ ఇక్కడ ముఖ్యం కాదు. అది అమెరికా కరెంటుకి, అంటే 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసింది. వయసుకి తగ్గ సర్వీసింగ్ చేశాను: కెపాసిటర్లు, బయాస్, ఎండిపోయిన థర్మల్ పేస్ట్. వేరియాక్ (కావాల్సిన వోల్టేజ్‌కి తిప్పుకునే ట్రాన్స్‌ఫార్మర్) మీద 120 ఇస్తే 8 ఓమ్‌లకి 205 వాట్లు. అందరం సంతోషంగా ఇంటికి తీసుకెళ్లి పెట్టాం.

పెట్టిన రోజు రాత్రే ఫోన్. “కట్ అవ్వట్లేదు గానీ, గట్టిగా పెడితే డోలు మెత్తబడిపోతోంది.”

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బెంచ్ మీద అంత గట్టిగా నిలబడ్డ ఆంప్ ఇంట్లో ఎందుకు మెత్తబడాలి? మర్నాడు మల్టీమీటర్‌తో వెళ్లి, ఆంప్‌ని వదిలేసి, అది తాగే కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందో చూశాను. 230ని 120 చేసే స్టెప్‌డౌన్ కన్వర్టర్. పైన స్టిక్కర్ మీద 1000 వాట్స్ అని ఉంది. ఖాళీగా 118 వోల్టులు చూపిస్తోంది. డోలు పడ్డప్పుడల్లా మీటర్ 105కి, 100కి పడి లేస్తోంది. షాపుకి తెచ్చి, దాని మీదే ఆంప్ నడిపి, 4 ఓమ్‌ల లోడ్‌లో కొలిచాను. క్లిప్ దగ్గర కన్వర్టర్ 95 వోల్టులకి దిగిపోయింది. ఆంప్ ఇచ్చింది 140 వాట్లు.

కన్వర్టర్ డబ్బా విప్పి కోర్ (లోపలి ఇనుప దిమ్మ) కొలిచాను. మధ్య కాలు వెడల్పు 5 సెంటీమీటర్లు, దొంతర మందం 4. మొత్తం 20 చదరపు సెంటీమీటర్లు. వైండింగ్ వాళ్ల లెక్క ప్రకారం దీన్ని 1.15తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే సుమారు 300 వీఏ, దాదాపు 300 వాట్లనుకోండి. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ అయ్యుంటే ఇదే కోర్ మీద రెట్టింపు లాగొచ్చు, కానీ కంటిన్యుటీ చూస్తే రెండు వైండింగులూ విడివిడిగా ఉన్నాయి. కాచిగూడలో నేను ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టించే పెద్దాయన దాన్ని చేత్తో ఎత్తి చూసి, “స్టిక్కర్ మీద ఏమైనా రాస్తారు నాయనా, బరువు అబద్ధం చెప్పదు” అన్నారు. నేను కోర్ కొలిచి చెప్పింది ఆయన చెయ్యి ఒక్క క్షణంలో చెప్పేసింది.

ఆంప్ లోపల ఎంత గొప్ప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా, దాని ముందు ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాక అది కూడా ఆంప్‌లో భాగమే. దీన్ని నేను మొదటే చూడాల్సింది. బెంచ్ మీద నా పెద్ద వేరియాక్ ఉండబట్టి తేడా తెలియలేదు. ఇప్పుడు అమెరికా ఆంప్ ఎవరు తెచ్చినా, మీ కన్వర్టర్ కూడా పట్టుకు రండి అని ముందే చెబుతున్నాను.

కొత్తది 1.5 కేవీఏ చుట్టించాం, సెకండరీకి (బయటికి వోల్టేజ్ ఇచ్చే వైపు) 100, 110, 117 వోల్టుల మూడు ట్యాపులతో. 120 ఎందుకు వద్దన్నానో చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌కి ముఖ్యం వోల్టేజ్ ఒక్కటే కాదు, హెర్ట్జ్‌కి ఎన్ని వోల్టులన్నది. అమెరికాలో 120ని 60తో భాగిస్తే 2. మన దగ్గర 50 హెర్ట్జ్, అదే 120 ఇస్తే 2.4. కోర్‌లో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) 20 శాతం ఎక్కువ. సైనిక్‌పురిలో ఆ ఇంట్లో సాయంత్రం 215 వోల్టులుంటే, రాత్రి పదకొండు దాటాక 248 చూశాను. 117 ట్యాప్ పెడితే ఆ వేళకి ఆంప్‌కి 126 చేరుతుంది. హెర్ట్జ్‌కి 2.5 వోల్టులు. 60 హెర్ట్జ్‌కి మాత్రమే లెక్కగట్టి చుట్టిన కోర్ అయితే నిండిపోతుంది, గుయ్యిమని మోగుతుంది, ఊరికే కాలుతుంది. ఈ ఆంప్ మీద రాసింది 60 హెర్ట్జ్ ఒక్కటే. 50/60 అని రాసి ఉంటే ఇంత ఆలోచించేవాణ్ణి కాదు. లోపల ప్రైమరీకి నాలుగు తీగలుండి 240కి మార్చే వీలుంటే అసలు కన్వర్టరే అక్కర్లేకపోను. దీనికి రెండే తీగలు.

110 ట్యాప్ మీద పెట్టి చెవి ఆనించాను. 120 దగ్గర ఆరడుగుల దూరానికి వినపడిన హమ్ ఇప్పుడు మూత మీద చెవి పెడితేనే తెలిసింది. దీనికి చెల్లించింది 16 శాతం పవర్, అంటే ముప్పావు డెసిబెల్. నాకు ఈ బేరం నచ్చింది. 8 ఓమ్‌లకి 172 వాట్లు, 4 ఓమ్‌లకి 250. వోల్టుల్లో 37 నుంచి 31.6. జారుడు 15 శాతం. అదే ఆంప్, పాత కన్వర్టర్ మీద 140, దీని మీద 250.

మిగతా పనులు చిన్నవి. ఆన్ చెయ్యగానే ఎంసీబీ పడిపోకుండా సాఫ్ట్ స్టార్ట్ బోర్డు. స్పీకర్లకి ముందు డీసీ ప్రొటెక్షన్ రిలే, పాత ఆంప్ దేనికైనా ఇది పెట్టకుండా నేను ప్లేనార్ కలపను. ఆంప్‌ని అద్దం తలుపుల టీవీ యూనిట్‌లోంచి బయటికి తెచ్చి నేల మీద చెక్క పీట మీద పెట్టాం. రిసీవర్‌నీ ఆంప్‌నీ ఒకే బోర్డు నుంచి ప్లగ్ చేశాక స్పీకర్లలో ఉన్న కాస్త హమ్ కూడా పోయింది.

ఆయనకి ఒక జాగ్రత్త చెప్పాను. ఇప్పుడు పవర్ ఉంది కదా అని బాస్ నాబ్ జోలికి వెళ్లొద్దు. ఈ పలకలు 40 హెర్ట్జ్ కిందకి దిగవు, ఎన్ని వాట్లు పోసినా దిగవు. బలవంతం చేస్తే పొర వెళ్లి వెనకున్న లోహానికి చప్‌మని తగులుతుంది. ఆ శబ్దం వినపడితే అదే క్షణంలో వాల్యూమ్ తగ్గించాలి.

ఆ రాత్రి తొలిసారి కచేరీ పూర్తిగా విన్నాం. వాల్యూమ్ నాబ్ ఇంతకుముందు గడియారం ముల్లులా రెండు గంటల దగ్గర ఉండేది, ఇప్పుడు పది దగ్గర ఉంది. డోలు కుడి వైపు వేళ్ల తొడుగులు కొట్టే చిటపట, ఎడమ వైపు కర్ర దెబ్బ రెండూ వేర్వేరు చోట్ల నుంచి, మనిషంత ఎత్తులో వినపడ్డాయి. డోలు గట్టిపడే చోట నేను అలవాటుగా రిలే టక్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. రాలేదు.

మే నెలలో మళ్లీ వెళ్లి చూశాను. గది 36 డిగ్రీలున్నప్పుడు, గంటసేపు వాయించాక, ఆంప్ హీట్‌సింక్ 54 డిగ్రీలు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ గోరువెచ్చగా ఉంది. ఎడమ ఛానల్ బయాస్ కొంచెం జరిగింది, సరిచేశాను. నేను వెళ్లేసరికి అమ్మగారు రిసీవర్ డయల్ తిప్పి 102.8 మీద వివిధ భారతి పెట్టుకుని వింటున్నారు, నీలం లైటు వెలుగుతోంది. ఆ లైటు బల్బుల్లో ఒకటి పోయింది, వచ్చేసారి తెచ్చి వేస్తానని చెప్పి వచ్చాను.